ఇంటిపేరు అడిగిన తుపాకి

తమిళనాడులోని వాడిపట్టిలో, మిట్టమధ్యాహ్నం, ఇంట్లో జొరబడిన దొంగ కత్తి సీతమ్మాళ్ మెడమీద ఉంది. వాడికి అర్థం కాకూడదని ఆమె మొగుడితో తెలుగులో అంది:

"ఏమండీ, దిండుకింద తుపాకి ఎత్తండి. వీడికి మన మాట తెలీదు."

ధర్మరాజ ఎత్తి గురిపెట్టాడు. మదురైలో ఆరునెలల తుపాకి శిక్షణలో నేర్చుకున్న పాఠం ఒకటే: నిర్ణయించుకున్నాక మాటల్లో పడకూడదు.

"వద్దయ్యా, కాల్చొద్దు," అన్నాడు దొంగ, తెలుగులోనే.

ధర్మరాజ వేలు ట్రిగ్గరుమీద, నోరు వంశంమీద!

"ఎవురింటోడివిరా? ఇంటిపేరేమి?"

దొంగ చెప్పాడు. అది సీతమ్మాళ్ పుట్టింటి పేరే.

"అయ్యో, కాల్చొద్దండీ! మా అన్నోళ్ళ పిల్లోడు!"

"వస్తా అత్తా," అంటూ వాడు గొలుసు తెంపుకుపోయాడు.

సీతమ్మాళ్ బోసిమెడ తడుముకుంది. "నిజంగా మావోడేనంటారా?"

ఖాళీ గడపకు గురిపెట్టిన తుపాకిని ధర్మరాజ దించలేకపోయాడు.