మూడు మరకలు

యంత్రాలు చేసిన ప్రయోగాలను అందరూ నమ్మడం మానేశాక, మనిషే చేశాడనడానికి పొరపాటే సాక్ష్యమైంది. అందుకే వేసవిలో బయాలజీ ల్యాబులు డిగ్రీ విద్యార్థులను పిలుస్తున్నాయి.

మూడు రోజులైనా హైమ చేతిలోంచి ఒక్క చుక్క ఒలకలేదు. ల్యాబు ఇన్‌చార్జి జోగారావు ఆమె వేళ్లను లైటు కింద తిప్పి చూశాడు.

"నిజం చెప్పమ్మా, నువ్వు మనిషివేనా?"

"ఏడాదిగా ఇంట్లో నీళ్లతో ప్రాక్టీసు చేశాను సార్."

"నీ పక్క టేబులు రత్నరాజుని చూడు, రోజూ ఒలకబోస్తాడు. రేపు కూడా నువ్వింతే అయితే ఇంటికెళ్లిపో."

కళ్లు తుడుచుకుంటుంటే హైమకు కొక్కేనికి తగిలించిన రత్నరాజు కోటు కనబడింది. దాని మీద మూడు మరకలున్నాయి. అనుమానం వచ్చి స్కేలు పెట్టి చూసింది. మూడూ ఒకే వెడల్పు, మధ్య దూరమూ ఒకటే.

వెనక నుంచి రత్నరాజు మెల్లగా అన్నాడు.

"సార్‌తో చెప్పకు. ఒలకబోయడం నీకూ నేర్పిస్తాను."