నత్తయ్య

"మళ్ళీ ఆపేశారా?"

కొత్త మేనేజరు గొంతు వినగానే ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఫోన్లు పెరిగాయి మేడమ్. తగ్గగానే మొదలుపెడతా."

అంబులెన్సుల కంట్రోల్ రూమ్ అది. ఫోన్ ఏ ఇంటి నుంచి వచ్చిందో, దగ్గర్లో ఏ బండి ఉందో తెర మీద చూపించేది అక్కడి డేటాబేసే. ఏళ్ల తరబడి పాత వివరాలు తీసేసిన చోటల్లా ఖాళీలు మిగిలి, అది ఉబ్బిపోయి మందగించింది. ఆ ఖాళీలు మూసి, ఉన్నదాన్ని దగ్గరికి జరపడానికి ఆయన మూడు వారాల కింద వచ్చాడు.

కాస్త జరిపేవాడు. ఆపేవాడు. గోడ మీది బోర్డులో ఎన్ని ఫోన్లు మోగుతున్నాయో చూసేవాడు. మళ్ళీ కాస్త.

ఆపరేటర్లు నత్తయ్య అని పేరు పెట్టారు. విని ఆయనా నవ్వేవాడు.

"ఒక్క పూట పనికి మూడు వారాలా?" అంది మేనేజరు.

"అంతా ఒకేసారి కదిపితే డిస్కు తట్టుకోలేదు మేడమ్. తెరలన్నీ నిలిచిపోతాయి."

"నన్ను భయపెట్టకండి. ఈ పని నాకూ తెలుసు."

"ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టండి. మీకు దణ్ణం పెడతా."

ఆమెకు ఒళ్ళు మండింది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

ఆయన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పదకొండింటికి మేనేజరు మిగిలిన పనంతా ఒకే విడతలో నడిచేలా మీట నొక్కింది.

పది నిమిషాల్లో తెరలు బిగుసుకుపోయాయి. ఆపబోతే ఆగలేదు.

"మేడమ్, అడ్రసు రావట్లేదు!" పెద్ద ఆపరేటరు అరిచింది. "చిన్నపిల్ల చేసింది. వాళ్ళమ్మ పడిపోయిందట."

"వీధి పేరు అడుగు!"

"తెలీదంటోంది... తల్లీ, ఫోన్ పెట్టెయ్యకమ్మా. కిటికీలోంచి ఏం కనిపిస్తోంది నాన్నా?"

తెరలు కదలడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. బండి వెళ్ళేసరికి ఆ తల్లి ప్రాణం పోయింది.

సాయంత్రం మేనేజరు ఆయనకు ఏడోసారి ఫోన్ చేసింది. ఎత్తలేదు.

"ఎత్తరు మేడమ్," అంది పెద్ద ఆపరేటరు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. "ఎవరు చెప్పారో ఏమో, మధ్యాహ్నం ఆయనే నాకు చేశారు. 'ఎవరైనా పోయారా' అనడిగారు. పోయారన్నాను. పెట్టేశారు."

"ఆయనకెందుకంత పట్టింపు?"

"మొదటిరోజే గొంతు గుర్తుపట్టాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

"ఏం చెప్పొద్దని?"

ఆపరేటరు తల దించుకుంది.

"ఆరేళ్ల కింద ఈ తెరలు ఇలాగే ఆగిపోయిన రోజున, ఊపిరాడని కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుని, 'బయల్దేరారా అమ్మా, బయల్దేరారా' అని అడుగుతూ చివరిదాకా నా లైన్లో ఉన్నది ఆయనే మేడమ్."