కనకరత్నం గొంతు

కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో కనకరత్నం ముప్పై ఏళ్లు ఒకటే పని చేసింది. సీటు రాని పిల్లలకు ఫోను చేసి, ఆ కబురు మనసు నొచ్చుకోకుండా చెప్పేది. రిటైరయ్యే రోజున ఆ పని యంత్రానికి అప్పగిస్తూ, గొంతు, ఓదార్పు మాటలు మాత్రం ఆమెవే కావాలని అడిగారు. పిల్లలకు మంచిదే కదా అని మురిసిపోతూ ఇచ్చింది.

ఈ ఏడు మనవరాలు హిమజ అదే కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది. పెసరట్టు తింటుండగా ఫోను వచ్చింది. విన్న పిల్ల పళ్లెం పక్కకు నెట్టేసింది.

కనకరత్నం దగ్గరకు తీసుకోబోయింది. "ఇంతటితో చదువు ఆగిపోదు, తల్లీ. నీ తప్పేం లేదు."

"ఆ రెండు ముక్కలూ ఇందాక ఫోన్లో నీ గొంతే చెప్పింది, అమ్మమ్మా," అంది హిమజ. "ఇంకేదైనా చెప్పవా?"

కనకరత్నం నోరు తెరిచింది. ఎంత వెతుక్కున్నా, ఆ యంత్రానికి ఇవ్వని మాట ఒక్కటీ ఆమె దగ్గర మిగల్లేదు.