బొమ్మకి బొమ్మ

పగలంతా రోగులతో యంత్రానికి తీరికుండదు కాబట్టి, సీటీ స్కాన్ నేర్చుకునేవాళ్ళకి మా సాస్కటూన్ ఊరి ఆసుపత్రిలో పరీక్షలు రాత్రిపూటే. ఆ రాత్రి పరీక్ష ఒక్సానాది, మార్కులు వేసే పని నాది, పడక రోగి బదులు పెట్టే ప్లాస్టిక్ మొండేనిది. బొమ్మకి బొమ్మ తీయాలి, అంతే. ఆమెకిది ఆఖరి అవకాశం. తప్పితే రెండేళ్ళ చదువూ వృథా.

తెరమీద ఛాతీ మసగ్గా వచ్చింది. స్కాన్ మధ్యలో మనిషి ఊపిరి పీలిస్తే వచ్చే మసక అది.

"బల్ల కదిపావా తల్లీ?"

"అద్దానికి ఇవతల మీ పక్కనే ఉన్నాను కదా రోలాండ్ గారూ! మీ కాఫీ కూడా నేనే మోస్తున్నాను."

అయినా నాకు అనుమానమే. స్కాన్ గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. ఆమె మళ్ళీ తీసింది. మళ్ళీ మసకే.

మూడోసారి అలవాటుకొద్దీ మైకు మీట నొక్కి, "ఊపిరి బిగబట్టండి" అంది.

"ప్లాస్టిక్‌కి మర్యాద కూడానా!" అని పగలబడి నవ్వాను.

ఈసారి ఒక్కో పక్కటెముకా తేటగా వచ్చింది.

నా నవ్వు ఆగింది. యంత్రం హోరూ ఆగింది. అద్దం అవతల ఏ చప్పుడూ లేదు.

"పాసయ్యానా?" అంది ఒక్సానా, గొంతు బాగా తగ్గించి.

సంతకానికి తీసిన పెన్ను మళ్ళీ జేబులో పెట్టేశాను.

"ఇంకొక్కటి మిగిలింది. ఊపిరి వదలమని నువ్వింకా చెప్పలేదు."

ఆమె వేలు మీట దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.