భాలుబాసాలో మార్పు గాలి

“‘తెలీదు’ అన్న జవాబు ఇంకొక్కటి కనబడిందా, ఫారాలతో పాటు నువ్వూ ఇంటికే సుకీర్తీ!”

ఫోన్లో అరుస్తున్నవాడు జేవియర్, సర్వే కంపెనీ సూపర్‌వైజరు. అతని కోపానికి కారణం ఉంది. నిన్న సీతారాండేరా బస్తీలో సుకీర్తి పది ఫారాలు నింపితే, ఆరింటిలో ‘తెలీదు’, ‘చెప్పలేం’, ‘మా ఆయన్ని అడగండి’. ఆమెది మూడు నెలల తాత్కాలిక ఉద్యోగం. ఈ పూట భాలుబాసా బస్తీలోని తెలుగు గల్లీలో పది మంచి ఫారాలు నిండితే రాజధాని రాంచీ ఆఫీసులో పర్మనెంటు. లేదంటే లేదు.

సుకీర్తి ఏసుప్రభువును తలుచుకుని మొదటి గుమ్మం ముందు నిలబడింది. అరుగు మీద పొయ్యి పెట్టుకుని పైడమ్మ చెక్కలు వేయిస్తోంది. పక్కన పెద్ద డబ్బా అప్పటికే సగం నిండింది.

“నమస్తే ఆంటీ. ఎన్నికల సర్వే. బస్, పాంచ్ మినిట్.”

“ఎన్నికలా?” పైడమ్మ మొహం వెలిగిపోయింది. “కూకో తల్లీ, కూకో! ఓలే తనూజా, అమ్మాయికి కుర్సీ అట్టుకురా!”

ఇంత మర్యాద సుకీర్తికి ఏ గుమ్మం దగ్గరా జరగలేదు. తడబడుతూనే మొదటి ప్రశ్న చదివింది. “మీ నియోజకవర్గంలో అన్నిటికంటే పెద్ద సమస్య ఏంటి ఆంటీ?”

“నీళ్లు!” పైడమ్మ చిల్లుల గరిటె పైకెత్తింది. “బిందెడు నీళ్లకి అర కిలోమీటరు నడవాల. అంత నడిసి తెచ్చినా ఉప్పు కషాయమే. రాయి, పెద్దచ్చరాలతో రాయి!”

ఆవిడ వెనక కుళాయి కింద డ్రమ్ము నిండి పొర్లుతోంది. కోడలు తనూజ పరిగెత్తుకెళ్లి కట్టేసింది. ఇవాళ ఏదో అదృష్టం కొద్దీ వచ్చాయి కాబోలు అనుకుని సుకీర్తి ‘నీళ్లు’ అని రాసుకుంది.

ఈలోగా పక్కింటి బలరామ్ ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చాడు. నెత్తి మీద హెల్మెట్ ఇంకా తియ్యనేలేదు.

“సర్వేయా? అయితే రోడ్డు కూడా రాయమ్మా! వానొత్తే మోకాలి లోతు బురద. అంబులెన్సు రాలేదని మా అప్పని మంచం మీద మోసుకెళ్లినాం, తెలుసా?”

సుకీర్తి సిమెంటు గల్లీ వైపు ఓసారి చూసింది. వాళ్లక్క ఇల్లు ఏ మూల బస్తీలోనో ఉండుంటుంది. పుట్టి పెరిగిన ఊళ్లో ఇన్ని కష్టాలున్నాయని తనకే తెలియనందుకు సిగ్గేసింది.

మాట గల్లీ అంతా పాకిపోయింది. పావుగంటలో పది ఇళ్లవాళ్లూ అరుగు చుట్టూ మూగారు.

“వంతెన మాటేటి? మూడుసార్లు కొబ్బరికాయ కొట్టినారు!” అన్నాడు ఎదురింటి పోలరాజు.

“నాలుగోసారి కాయ మనల్నే తెమ్మంటారు!” అంది పైడమ్మ. అందరూ గొల్లుమన్నారు.

ఎవరి నోటా ‘తెలీదు’ లేదు. ఏ పథకం ఎవరికి అందిందో, ఏ పని ఎక్కడ ఆగిందో పొల్లు పోకుండా చెబుతున్నారు. సుకీర్తి పెన్ను ఆగడం లేదు. ఒక్కో ఫారం నిండుతుంటే రాంచీ ఒక్కో స్టేషను దగ్గరవుతోంది.

“ఉన్నవాళ్లే మళ్లీ రావాలా, మార్పు కావాలా?”

“మార్పే!” గల్లీ అదిరిపోయింది.

“ఓటు తప్పకుండా వేస్తారా?”

బలరామ్ నొచ్చుకున్నాడు. “ఏటలా అడిగేత్తన్నావు? ఓటుకని మూడ్రోజులు సెలవు పెట్టినాను. ఎప్పుడూ అంతే.”

“ఒక్క ఓటుకి మూడు రోజులా అంకుల్!”

“మరి! ఈ చెక్కలెందుకు వండుతున్నాననుకున్నావు? ఓటుకే!” అంది పైడమ్మ. “ఆ దినం ఈ గల్లీలో తాళం ఎయ్యని ఇల్లుంటే నన్నడుగు. సంటిపిల్లలతో సహా ఎల్తాం.”

సుకీర్తి కళ్లు చెమర్చాయి. వాళ్లింట్లో పోలింగు రోజంటే నాన్నకు మధ్యాహ్నం నిద్ర. తాను కిందటిసారి ఎండకి భయపడి గడపే దాటలేదు. ఈసారి తెల్లారగానే వెళ్లి లైన్లో నిలబడాలని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

పది ఫారాలూ ఫొటోలు తీసి పంపింది. పది నిమిషాలకే ఫోన్ మోగింది.

“కమాల్ కర్ దియా సుకీర్తీ! పదికి పది మార్పు! ఇంత చైతన్యం ఉన్న గల్లీ నా సర్వీసులో చూళ్లేదు. లోకల్ ఛానల్‌కి ఇచ్చేశాను, ఇప్పుడే వేస్తున్నారు. నీ పేరు రాంచీకి పంపించేశాను!”

“సచ్చీ సర్?”

“సచ్చీ! ఒక్క గడి మిగిలింది, పోలింగ్ బూత్. అది కూడా నింపి పంపెయ్.”

లోపల టీవీలో ఎర్రటి అక్షరాలు పరిగెత్తాయి. ‘భాలుబాసాలో మార్పు గాలి’. బలరామ్ ఈల వేశాడు. తనూజ చప్పట్లు కొట్టింది. పోలరాజు హెల్మెట్ లాక్కుని డప్పులా వాయించాడు. సుకీర్తి నవ్వాపుకోలేక పోతూనే పెన్ను మూత మళ్లీ తీసింది.

“ఆంటీ, ఆఖరి ప్రశ్న. మీ బూత్ ఏ స్కూల్లో?”

పైడమ్మ వేడి చెక్క ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

“మా గల్లీ ఓట్లన్నీ శ్రీకాకుళంలోనే కదా తల్లీ!”