పద్నాలుగు దాటని మీటరు

ఏమోయ్, నిన్నే! స్టీరింగు తిప్పడం వచ్చినంత మాత్రాన కారంతా తెలిసినట్టు మొహం పెట్టకు. ఇలా వచ్చి బానెట్ లోపలికి తొంగి చూడు. ఇంజన్ పక్కన బెల్టు తగిలించుకుని కొబ్బరికాయంత కూర్చుందే, అది ఆల్టర్నేటర్. ఇంజన్ తిరిగినంతసేపూ బ్యాటరీలో కరెంటు నింపేది అదే. దాని వెనక ఊడి వేలాడుతున్న ప్లగ్గు కనబడిందా? దాన్ని పీకిన మహానుభావుడు పక్కనే నిలబడి, ఏమీ ఎరగనట్టు పళ్ళు తోముకుంటున్నాడు. వీధి వీధంతటికీ ఆయన బాబాయి.

"స్టార్ట్ చేసినా బ్యాటరీ ఎర్రలైటు ఆరడం లేదురా," అన్నాడు ఆయన అన్నయ్య కారులోంచి దిగుతూ.

"అయ్యో, ఇవాళే రావాలా దీనికి రోగం!" బాబాయి నురగతోపాటు నవ్వు కూడా మింగేశాడు.

అన్నయ్యకు పదకొండింటికి కంట్లో శుక్లం ఆపరేషన్. ఆసుపత్రి రెండు గంటల దారి. కారు నడపడానికే బాబాయిని పిలిపించారు. అన్నయ్యేమో కొత్తగా కొన్న వోల్టు మీటరు ఊపుతూ, "ఇక మెకానిక్కుల మొహం చూడను" అని ముందురోజంతా ఒకటే కోతలు. పది నిమిషాలు ఆయన తిప్పలు చూసి, ప్లగ్గు మళ్ళీ పెట్టేస్తే సరి. ఏడున్నరే కదా అయింది!

అన్నయ్య మీటరు తీగలు బ్యాటరీకి ఆనించాడు. "అంకె నువ్వే చదవరా. నాకంతా పొగమంచులా ఉంది."

"పన్నెండు పాయింట్ రెండు."

"ఇంజన్ నడుస్తుంటే పద్నాలుగు దగ్గరుండాలి. కరెంటు నిండట్లేదన్నమాట. ఆపు, బెల్టు చూద్దాం."

ఇంజన్ ఆగాక అన్నయ్య బెల్టును వేళ్ళతో తడిమాడు. ఎక్కడుందో కనబడక ముందు గొట్టాన్ని పట్టుకున్నాడు, తర్వాత రేడియేటర్‌ని. నిన్న ఇలాగే గ్లాసనుకుని బల్ల మీద నీళ్ళు పోశాడు. బాబాయికి నవ్వు ఎక్కడిదక్కడ ఆరిపోయింది. చాల్లే వెధవ సరదా అనుకుని, అన్నయ్య కళ్ళజోడు తుడుచుకునే సందులో ప్లగ్గు టక్కున నొక్కేశాడు.

"ఇంకోసారి స్టార్ట్ చేసి చూద్దాం అన్నయ్యా."

చూశారు. పన్నెండు పాయింట్ ఒకటి.

బాబాయి మీటరును అరచేత్తో తుడిచాడు, తట్టాడు. పన్నెండు పాయింట్ ఒకటే. లాగేటప్పుడు లోపల ఏదైనా విరిగిందా? మొత్తం కాల్చేశానా?

"ఆల్టర్నేటర్‌కి ఓ చిన్న ఫ్యూజు ఉంటుంది కదా, అది పోయిందేమో?"

"అవన్నీ నిన్ననే చూశాలే. నువ్వు బ్యాటరీ బిగింపులు చూడు."

వదిన బట్టల సంచితో బయటికొచ్చింది. "నిన్న సాయంత్రం నువ్వు బజారుకి తీసుకెళ్ళినప్పుడు బానే ఉందిగా?"

"ఉంది వదినా." బాబాయి వంగి బ్యాటరీ బిగింపులు మళ్ళీ తిప్పాడు.

"ఆపరేషన్ మొదటిసారి జ్వరంతో ఆగింది. రెండోసారి రిపోర్టులు కనబడలేదు. ఇప్పుడు కారు. ఈయన జాతకమే ఇంత!"

"మెకానిక్‌ని పిలుస్తా."

"పదింటిదాకా షెడ్డు తెరవడు," అన్నాడు అన్నయ్య.

"పోనీ ట్యాక్సీ?"

"ఎవడి బండిలోనో గోతుల్లో ఎగురుకుంటూ కంటి ఆపరేషన్‌కి వెళ్ళాలా? నేను రాను."

"బ్యాటరీ మీదే పోదాం, పద!"

"సగం దారిలో ఆగితే నువ్వు తోస్తావా?"

తొమ్మిదిన్నరకి వదిన ఆసుపత్రికి ఫోన్ చేసింది. పెట్టేసి, సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. "పెద్ద డాక్టరు సెలవు మీద వెళ్తున్నారట. మళ్ళీ రెండు నెలల తర్వాతేనట. అప్పటిదాకా ఈయన ఎక్కడ జారిపడతాడో అని నేను వెనకాలే తిరగాలి."

ఇక బాబాయి వల్ల కాలేదు. "నన్ను తిట్టు వదినా. పొద్దున ఆ ప్లగ్గు పీకింది నేనే. తమాషాకి. మళ్ళీ పెట్టాను గానీ, లోపల ఏదో కాల్చేసినట్టున్నాను."

అన్నయ్య చటుక్కున ఇటు తిరిగాడు.

"ప్లగ్గు పీకావా? నువ్వా?"

"నేనే."

"ఓహో! అయితే ఇదంతా నీ వల్లన్నమాట!" ఆ గొంతులో కోపం కాక ఇంకేదో ఉంది. అది బాధేననుకుని బాబాయి ఇంకాస్త కుంగిపోయాడు.

వదిన లేచింది. "కళ్ళు కనబడని మనిషితోనా నీ వేళాకోళం? బుద్ధుందా?"

"పోనీలేవే, చిన్నవాడు," అన్నాడు అన్నయ్య.

"యాభై రెండేళ్ళు!"

తిట్టినా బాగుండేది. ఆ వెనకేసుకు రావడం బాబాయిని చెంపదెబ్బలా తాకింది. "అన్నయ్యా, ఈ రెండు నెలలూ ఇక్కడే ఉంటా. పేపరు చదివి పెడతా, చెయ్యి పట్టుకుని తిప్పుతా. ఇంకెప్పుడూ ఎవరినీ ఆటపట్టించను. ఒట్టు!"

"ముందు ఆయన చొక్కా ఉతుకు. గ్రీజు మరక కనబడిందో, ఊరుకోను," అంది వదిన.

"వద్దొద్దు, నేనే ఉతుక్కుంటా." అన్నయ్య చొక్కా విప్పి గబగబా చంకలో పెట్టుకున్నాడు.

ఇంత చేసినా నా చేతులు నొప్పెడతాయనే చూస్తున్నాడే! బాబాయికి కళ్ళు చెమర్చాయి. అన్నయ్య గింజుకుంటున్నా వినకుండా చొక్కా లాక్కుని పెరట్లోకి నడిచాడు. బకెట్ నింపి, సబ్బు కలిపి, ముంచబోయే ముందు అలవాటుగా జేబు తడిమాడు.

వేళ్ళకి తగిలింది గోరంత ఎర్ర ఫ్యూజు.