నర్సుకు చెప్పిందెవరు?

ఆస్పత్రి బండి సరాసరి వచ్చి గాజుల దుకాణం ముందే ఆగింది. నర్సు నవ్యశ్రీ దిగడం చూడగానే అజీజాకు అర్థమైంది. ఇంటి గుట్టు ఎవరో బయటపెట్టారు.

"చాచీ, అంబ్రీన్ ఏది? జల్ది బయల్దేరమను. మంచిర్యాలకు పోవాలె."

"ఎందుకు పోవాలె? నాకేం మాటిచ్చినవ్ నువ్వు?"

మాట ఇచ్చిన సంగతి నిజమే. కోడలు అంబ్రీన్‌కు కడుపుతో ఉండగానే బీపీ మొదలైంది. కాన్పయ్యేదాకా ఆస్పత్రిలోనే ఉండమంది డాక్టరమ్మ. అజీజా ససేమిరా అంది. నిరుడు కూతురు లైబాను అలాగే కాన్పుకని బండెక్కించింది. ఆపరేషన్ గదిలోకి నడుచుకుంటూ వెళ్లిన పిల్ల మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ తలుపు దాకా ఇంకో పిల్లను పంపకూడదని అజీజా ఒట్టు పెట్టుకుంది.

చివరికి నవ్యశ్రీయే దారి చూపింది. జబ్బకు పట్టీ చుట్టి బటన్ నొక్కే బీపీ మిషన్ ఒకటి ఇంటికిచ్చింది. నంబర్లు వాటంతటవే ఫోన్ ద్వారా నర్సుకు చేరతాయి.

"నంబర్లు మంచిగుంటే ఇంటికాడనే ఉండనిస్తం చాచీ. ఎక్కువొస్తే మాత్రం మేమే వచ్చి తీస్కపోతం."

అజీజాకు అది బేరంలా వినిపించింది. మంచి నంబర్లు అటు, కోడలు ఇటు. బేరం కుదిరింది. రోజూ దుకాణం తెరిచి, మొదటి గిరాకీ కాగానే వెనక గదిలోకి వచ్చేది. కోడలిని పక్కన కూర్చోబెట్టుకునేది. పట్టీ చుట్టడం, బటన్ నొక్కడం, అన్నీ తనే. నంబర్లు ముత్యాల్లా వచ్చేవి.

నర్సుకు తెలియకూడనిది ఇంకోటి ఉంది. అంబ్రీన్ చేతులు ఉబ్బుతున్నాయి. మణికట్టు ముట్టుకొని గాజు సైజు చెప్పే మనిషికి అది తెలియకుండా ఉంటుందా? సబ్బునురగ రాసి పాత గాజులు తీసి, పెద్దవి తొడిగింది. అవీ బిగిస్తే ఇంకా పెద్దవి. చిట్లిన గాజును డజను మధ్యలో పెట్టి దారం కట్టినట్టు, ఆ సంగతిని ఇంట్లోనే కట్టిపెట్టింది.

"తలనొస్తుందనకు. కండ్లు మసకలనకు. నర్సు చెవిన పడ్డదంటే కోత తప్పది" అని కోడలికి గట్టిగా చెప్పింది.

అయినా చెప్పారు. ఎవరు?

పొద్దున్నుంచే ఆమెకు రోజు బాగోలేదు. పక్క కొట్టు లింగమూర్తి తన బట్టల స్టాండును మళ్లీ ఆమె గాజులకు అడ్డంగా జరిపాడు. బజారంతా నిలబడి చూసేలా అతన్ని కడిగేసింది. ఆ రొప్పుతోనే లోపలికొచ్చి, మిషన్ పని కాస్తా కానిచ్చి, నంబరైనా చూడకుండా మళ్లీ దుకాణంలోకి పరిగెత్తింది. తీరా ఇప్పుడు చూస్తే గుమ్మంలో బండి.

"నువ్వేనా?" అంది కోడలి చెవి దగ్గర.

"కసమ్ అమ్మీ, నేను నోరు తెర్వలే."

కొడుకు తన్వీర్ అప్పటికే బట్టలు సంచిలో కుక్కుతున్నాడు.

"తల్లికి చెప్పకుండ బండి పిలిపించినవార?"

"నేనెందుకు పిలుస్త అమ్మీ? నాకసలు తెల్వనే తెల్వది."

భర్త సత్తార్ ముందుగానే చేతులెత్తేశాడు. "నా దిక్కు చూడకు. గీ ఇంట్ల నా మాట పక్క గదికే వినపడది. మంచిర్యాల దాకా ఎట్ల వినపడ్తది?"

నవ్యశ్రీ ఈ మాటలేవీ పట్టించుకోలేదు. అంబ్రీన్ చేయి పట్టుకొని, గాజుల కింద చర్మం మీద పడ్డ గాట్లను చూసింది. తన సంచిలోంచి ఇంకో మిషన్ తీసి కట్టింది. నంబరు చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"ఇంక ఒక్క నిమిషం గూడ ఆగొద్దు."

బండి వెళ్లిపోయింది. ఇంట్లో అజీజా, వెనక గదిలో మిషన్ మిగిలాయి.

లోకంలో ఎందరినో చూసింది ఆమె. వెలిసిపోయే రంగుల సరుకు అంటగట్టిన సేట్లను, అరువు తీసుకొని వీధి మార్చిన ఆడవాళ్లను. వాళ్లెవరూ ఇంత నొప్పి పెట్టలేదు. వాళ్లు బయటివాళ్లు. ఈ దెబ్బ తన గడప లోపలి నుంచి వచ్చింది.

సాయంత్రం తన్వీర్ ఫోన్ చేశాడు. "బిడ్డ పుట్టింది అమ్మీ. ఇద్దరూ మంచిగున్నరు. ఇంకో పూట ఆగితే ఇద్దరూ దక్కకపోయేటోళ్లట."

అజీజా కొంగులో ముఖం దాచుకొని ఏడ్చింది. అల్లాకు శుక్రియా చెప్పుకుంది. అయినా ముల్లు ముల్లే. ఫోన్ నర్సుకిమ్మంది.

"నవ్యా, మేలు చేసినవ్ బిడ్డా, కాదంటలేను. కానీ నా ఇంట్ల నన్ను నమ్మించి ముంచినోళ్లు ఎవరో చెప్పు. ఏమనను. జర పేరు చెప్పు చాలు."

"అయ్యో, ఎవ్వరు చెప్పలే చాచీ. ఇన్ని రోజులు నూట ఇరవై దాటలే. పొద్దుగాల మీ మిషన్‌లకెళ్లి ఒక్కసారే నూట అరవై రెండొచ్చింది. అది చూసే ఉరికొచ్చిన. పట్టీ కట్టింది నువ్వే కద?"

అజీజా ఫోన్ పక్కన పెట్టి, గాజులు పైకి తోసుకొని, మిషన్ ఇంటికొచ్చిన నాటి నుంచీ రోజూ కట్టుకుంటున్నట్టే, పొద్దున లింగమూర్తితో కొట్లాడి రొప్పుతూ వచ్చి కట్టుకున్నట్టే, కోడలి పట్టీని మళ్లీ తన జబ్బకే చుట్టుకుంది.